ఆవు కాదు నాన్నా, కౌ!

పక్క ఫ్లాటు పాప రెండేళ్ళకే కార్డులు చూసి గడగడా చదివేస్తోందట. ఇంకేం, కోల్‌కతా న్యూటౌన్‌లో మన తెలుగు సాఫ్ట్‌వేర్ దంపతులకు నిద్ర కరువైంది. గోడల నిండా ఏ నుంచి జెడ్ దాకా చార్టులు, ట్యాబ్ నిండా యాపులు. పిల్లాడికి డైపరైనా మానిపించలేదు గానీ, అప్పుడే చదువులో వెనకబడ్డాడు!

శ్రీపంచమి నాడు బెంగాలీలు పుస్తకాలు సరస్వతి పాదాల దగ్గర పెట్టేసి చదువు ముట్టరు. పసివాళ్ళ చేత మాత్రం పలక మీద అక్షరాలు దిద్దిస్తారు. దాన్ని హాతేఖొడి అంటారు. మర్నాటి నుంచి నర్సరీ సీటు యుద్ధం. చేర్చుకునేటప్పుడు పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ వడపోసే పరీక్షలు పెట్టకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. మొదటి తప్పుకు 25,000 రూపాయల దాకా జరిమానా. అందుకని కొన్ని బళ్ళు బుద్ధిగా ఇంటర్వ్యూ ఎత్తేసి ‘ఇంటరాక్షన్’ పెట్టుకున్నాయి.

ఒక ఇంట్లో ఈ ‘ఇంటరాక్షన్’ సాధన కళ్ళారా చూశాను. పిల్లాడి చేతిలో హిమసాగర్ మామిడి ముక్క, మోచేతి దాకా రసం. తల్లి ఆ చెయ్యి పక్కకు తోసి, మామిడిపండు బొమ్మ కార్డు చూపించి, “వాట్ ఈజ్ దిస్?” అంది. వాడు చేతిలో ముక్క చూపించి “ఆమ్” అన్నాడు, పనిచేసే మాషి నేర్పిన బెంగాలీలో. తండ్రి నొచ్చుకున్నాడు. “చూశారా అంకుల్? ఆవిణ్ణి ఇంగ్లీషులోనే మాట్లాడమన్నాం!” అంతలో విశాఖ నుంచి నానమ్మ వీడియో కాల్. “ఆవు ఏమంటుంది నాన్నా?” అందో లేదో, “ఆవు కాదత్తయ్యా, కౌ. వాడికి కన్ఫ్యూజన్” అని కోడలు ఫోను లాక్కుంది.

ఏం కన్ఫ్యూజనమ్మా? ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో మన పిల్లలు తరాలుగా తెలుగూ బెంగాలీ హిందీ కలిపి మాట్లాడుతూనే పెరిగారు. ఎవరికీ మతి పోలేదు. 1980లలో లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వం ప్రాథమిక బడుల్లోంచి ఇంగ్లీషు తీసేసింది కదా, ఆ భయం కోల్‌కతాను ఇంకా వదల్లేదంటే అర్థం చేసుకోవచ్చు. కానీ ఇంగ్లీషు కావాలంటే ఇంట్లో నోళ్ళు కుట్టేసుకోవాలని ఎవరు చెప్పారు?

విద్యాసాగర్ 1855లో ‘వర్ణపరిచయ్’ అనే అక్షరాల పుస్తకం అచ్చువేసింది ఈ ఊళ్ళోనే. నోబెల్ వచ్చిన పదిహేడేళ్ళకు, 1930లో, రవీంద్రుడు పసివాళ్ళ కోసం ‘సహజ్ పాఠ్’ రాస్తే నందలాల్ బోస్ బొమ్మలు వేశాడు. పాపం, అంత పెద్దవాళ్ళకు ఒక్క యాప్ కూడా తట్టలేదు! పిల్లలకు ముందు చెవి తెరుచుకుంటుందని, మాటల లయ వంటబడితే అక్షరం దానంతట అదే దారికొస్తుందని నమ్మిన అమాయకులు.

అదే అమాయకత్వం మాషిది. రాజుగారిని ఆటపట్టించిన టున్‌టుని పిట్ట కథ చెబుతుంది. 1910లో బెంగాలీ రచయిత ఉపేంద్రకిశోర్ పుస్తకంలో వేసిన కథ అది. ఆమె మాత్రం వాళ్ళమ్మ దగ్గర విన్నది. పిట్ట గొంతు సన్నగా, రాజు గొంతు లావుగా పెడుతుంది. మధ్యలో ఆగుతుంది. పిల్లాడు “తార్‌పొర్? తార్‌పొర్?” అని కొంగు లాగుతాడు. తర్వాత ఏమైందని అడగడం వచ్చినవాడికి పేజీ తిప్పడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ పాఠాలకు ఫీజు లేదు. జీతం గిన్నెలు తోమినందుకే.

కాబట్టి బడివాళ్ళకు నాదొక విన్నపం. ఇంటరాక్షన్‌లో పిల్లాణ్ణి వదిలెయ్యండి. తల్లిదండ్రుల్ని ఒక్కటే అడగండి, “నిన్న రాత్రి వాడికి ఏ కథ చెప్పారు?” అని. నిజాయితీగా మార్కులు వేస్తే సీటు మాషికే వస్తుంది.