ఫోనుకి చెప్పిన అబద్ధం

ఉబ్బసం ఎంత పాతదైనా ఏటా సంక్రాంతి ముందు నన్ను పట్టుకుంటుంది. ఆమదాలవలస చుట్టూ నూర్పుళ్లు మొదలయ్యాయంటే పొట్టు దుమ్ము, తెల్లవారుజాము మంచు కలిసి గుండెల్లో పిల్లికూతలు లేస్తాయి. మా అమ్మాయి అందుకే ఫోన్లో ఒక యాప్ పెట్టింది.

రోజూ పొద్దున ఊపిరి జోరు కొలిచే పీక్ ఫ్లో మీటరు ఊది అంకె ఎక్కించాలి. బాగున్న రోజుల అంకెలో 80 శాతం దాటితే పచ్చ, 50 నుంచి 80 దాకా పసుపు, అంతకు దిగితే ఎరుపు. పచ్చ రావాలని నేను ముందు ఆయాసానికి వాడే నీలం పంపు (ఇన్‌హేలరు) కొట్టుకుని, ఊపిరి తేలికయ్యాక ఊదేవాణ్ణి. మందుకు ముందే ఊదాలని తెలుసు. రెండు పూటలా పీల్చాల్సిన స్టెరాయిడ్ పంపు బీరువాలోనే ఉండేది. యాప్‌లో మాత్రం ‘వేసుకున్నాను’ అని నొక్కేవాణ్ణి. స్టెరాయిడ్‌తో ఎముకలు గుల్లవుతాయని భయం. ఆ మాట డాక్టరుతో అనడానికి ఇంకో భయం.

నీలం పంపులోని సాల్బుటమాల్ బిగుసుకున్న గొట్టాలను కొన్ని గంటలు వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపు తగ్గించేది రెండో పంపే, అదీ మైక్రోగ్రాముల్లో, నేరుగా ఊపిరితిత్తుల్లోకి. ఉత్త నీలం పంపుతో నెట్టుకురావద్దని అంతర్జాతీయ ఆస్తమా నిపుణుల సంస్థ జినా 2019లోనే చెప్పింది.

డాక్టరుతో వీడియో కాల్ వచ్చాక మా ఊరి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కి విశాఖ వెళ్లే పని తప్పింది. ఒక కాల్‌లో నా లెక్కలన్నీ పచ్చగా ఉండటం చూసి డాక్టరు మోతాదు తగ్గిద్దామన్నారు. వేసుకోని మందును తగ్గిస్తున్నారని తెలిసీ తల ఊపాను. నా మూర్ఖత్వమంతా అక్కడే ఉంది.

ఆ చలిలోనే ఒక రాత్రి ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మా అమ్మాయి స్టెరాయిడ్ పంపు వెనక, ఎన్ని మోతాదులు మిగిలాయో చూపే అంకెలు చూసింది. అవి కదల్లేదు.

“ఏటి నాన్నా ఇది, పీల్చకుండానే పీల్చినట్టు నొక్కీసినావా?”

తర్వాతి కాల్‌లో అంతా చెప్పేశాను. డాక్టరు తన ఎదుట పంపు వాడమన్నారు. నేను ముందు నొక్కి, ఆనక పీలుస్తున్నానని అప్పుడు తేలింది. మందంతా నాలుక మీదే పడుతోంది. పంపుకి స్పేసరు గొట్టం తగిలించి నెమ్మదిగా పీల్చడం, పది లెక్కపెట్టేదాకా బిగబట్టడం, ఆఖర్న నోరు పుక్కిలించడం ఆయన చూస్తుండగా నేర్చుకున్నాను.

2020 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిలో ఇంటి నుంచే ఉచితంగా డాక్టరుతో మాట్లాడొచ్చు. మాట్లాడేటప్పుడు పంపు చేతిలో పెట్టుకోండి, ఉన్న అంకే చెప్పండి. మాట పూర్తిచెయ్యలేనంత ఆయాసమొస్తే మాత్రం వీడియో కోసం కూర్చోకండి. నీలం పంపు పీలుస్తూ 108కి ఫోన్ చెయ్యండి.