ముందస్తు ప్రకటనతో అజ్ఞాతవాసం

అజ్ఞాతం అనే మాటకు మన పత్రికల్లో రెండే అర్థాలు. అడవిలోకి వెళ్లినవాళ్లది ఒకటి, ముందస్తు బెయిలు వచ్చేదాకా ఎవరి ఫామ్‌హౌస్‌లోనో కూర్చునే నాయకుడిది రెండోది. మా మేనల్లుడి పుణ్యమా అని ఈమధ్య మూడోది తెలిసింది. లండన్‌లోనో బ్రిస్టల్‌లోనో కొందరు కంప్యూటర్ మీద బేస్ సంగీతం చేసి అజ్ఞాతంలోకి వెళ్తారట. ఏ తేదీన, ఎన్ని గంటలకు వెళ్లేదీ మూడు వారాల ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో చెబుతారు. ప్రీ-ఆర్డర్ లింకు కూడా ఇస్తారు.

పాపం బృహన్నలకు ఈ తెలివి లేకపోయింది. విరాటుడి కొలువులో ఏడాదిపాటు ఉత్తరకు ఆటపాటలు నేర్పాడు గానీ, ‘త్వరలో: ఎవరో తెలియని కళాకారుడి కొత్త నాట్యం’ అని ఒక్క చాటింపూ వేయించలేదు.

ఇక ఆ అజ్ఞాతుల రికార్డులు. తెల్లటి అట్ట, దాని మీద పేరుండదు, ఓ రబ్బరు ముద్ర ఉంటుంది. మూడొందల ప్రతులే వేశాం, మళ్లీ వేయం అని భీష్మ ప్రతిజ్ఞ. రెండు నెలలు తిరక్కుండానే ‘అభిమానుల కోరిక మేరకు’ పొగరంగు వినైల్ మీద ఇంకో మూడొందలు. మన కవులు అయిదొందల ప్రతులు వేయించి, యాభై పంచి, మిగతావి అటకెక్కించి ఏళ్ల తరబడి సిగ్గుపడుతున్నారు. దాన్ని లిమిటెడ్ ఎడిషన్ అంటారని వాళ్లకు ఒక్కరైనా చెప్పారా?

దాపరికానికి ఒకప్పుడు కారణముండేది. 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో సౌండ్ సిస్టమ్ యజమానులు వీధుల్లో పోటాపోటీగా పాటలు మోగించేవారు, పక్కపక్క ఊరేగింపుల్లో రెండు బ్యాండుమేళాలు ఎదురుపడినట్టు. కాక్సన్ డాడ్ అనే ఆయన అమెరికా రికార్డులు తెచ్చి, వాటి మీది లేబుళ్లు గీకేసేవాడు. పోటీవాడు పేరు చదివి కొనుక్కోకూడదు కదా! విల్లిస్ జాక్సన్ వాయించిన ‘లేటర్ ఫర్ ద గేటర్’కు ‘కాక్సన్ హాప్’ అని తన పేరే తగిలించుకుని ఏళ్లపాటు జనాన్ని ఆడించాడు. చివరికి పోటీదారు డ్యూక్ రీడ్ ఆ రికార్డు సంపాదించి మోగించిన రాత్రి డాడ్ కుప్పకూలినంత పనైందని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. అన్నం పెట్టే రహస్యం అది, పోతే కూలిపోక ఏం చేస్తాడు?

2000ల మొదట్లో దక్షిణ లండన్‌లోని క్రాయిడన్ కుర్రాళ్లు డబ్‌స్టెప్ అనే బేస్ సంగీతం మొదలుపెట్టినప్పుడూ ఇదే పద్ధతి. కొత్త పాటను డబ్‌ప్లేట్ మీద ఒక్క ప్రతి చెక్కించి క్లబ్బులో వేసేవారు. కొన్ని పదులసార్లు సూది తిరిగేసరికి అది అరిగిపోయేది. ఆ లోకంలోంచే వచ్చిన బరియల్ అనే కళాకారుడు 2007లో ‘అన్‌ట్రూ’ ఆల్బమ్ వెలువరించి, పేరూ ముఖమూ చెప్పకుండా ఊరుకున్నాడు. మరుసటి ఏడాది మెర్క్యురీ సంగీత బహుమతి తుది జాబితాలోకి ఎక్కడంతో పత్రికలు కూపీ లాగడం మొదలెట్టాయి. చివరికి తనే మైస్పేస్‌లో పేరు, ఓ ఫొటో పెట్టేశాడు. అతని సిగ్గు నిజమైనదేనని నా నమ్మకం. ఆ తర్వాత పుట్టుకొచ్చిన ముసుగుల మీదే అనుమానం.

ఎవరికీ తెలియకుండా ఉండటమంటే ఏమిటో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్‌ను చూసి తెలుసుకోవాలి. సినిమా పాటలకు వాయించేవాడు. 1982లో రోలాండ్ వాళ్ల టీబీ-303, టీఆర్-808 అనే సంగీత యంత్రాలు ముందేసుకుని పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చాడు. షికాగోలో ఫ్యూచర్ బృందం అదే 303తో ‘యాసిడ్ ట్రాక్స్’ విడుదల చేసి యాసిడ్ హౌస్ అనే కొత్త సంగీతానికి నాంది పలికింది 1987లో. సింగ్ ఏదీ దాచలేదు. అట్ట మీద తన పేరుంది. కొనేవాళ్లే లేరు. 2010లో మళ్లీ వెలువడేదాకా, అంటే ఇరవై ఎనిమిదేళ్లు, ఆయన ఖర్చు లేకుండా అండర్‌గ్రౌండ్‌లో ఉన్నాడు.

మా మేనల్లుడు మొన్న ఇలాంటి తెల్లట్ట రికార్డు ఒకటి తెప్పించాడు. రికార్డు ఖరీదును తపాలా ఖర్చు మించిపోయింది. దాంతో వచ్చిన కాగితం నేనూ చదివాను. ఈ సబ్-బేస్ పక్కటెముకలతో మాట్లాడుతుందట. వాడి దగ్గర రికార్డు ప్లేయర్ లేదు కనక డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో పెట్టాడు. 50 హెర్ట్జ్ అంత మంద్రమైన శబ్దం ఫోను స్పీకరులోంచి ఊడిపడదు. మాకు వినపడిందల్లా గోడగడియారం పాడైనట్టు టిక్కుటిక్కు.

“ఎలా ఉందిరా?” అన్నాను.

“చాలా డీప్, మామయ్యా.”

రికార్డును ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. పోయిన ఆదివారం మా వీధిలోంచి పెళ్లి ఊరేగింపు వెళ్లింది. డీజే బండి మీద తీన్మార్ మిక్స్, పది సెకన్లకోసారి మిక్స్ చేసినవాడి పేరు, ఊరి పేరు. కిటికీ అద్దాలు వణికాయి, నా పక్కటెముకలతో ఎవరో మాట్లాడారు, గోడ మీద ఫ్రేము గడగడలాడింది. ఆ రికార్డుకు బేస్ తగలడం అదే మొదటిసారి.

“న్యూసెన్స్, మామయ్యా” అంటూ మావాడు లేచి వెళ్లి కిటికీ మూశాడు.