మన వాటా మట్టి ఏది?

మా రోజుల్లో విదేశీ పరిశోధన నౌక మన సముద్రంలోకి వస్తోందంటే మొదట అడిగే ప్రశ్న ఒకటే: మనవాళ్లు ఎంతమంది ఎక్కుతున్నారు? ఇప్పుడు ఆ మాటే వినబడదు. ఫైలు ఎక్కడుంది, ఎవరి సంతకం దగ్గర ఆగింది, ఇదే గోల. అనుమతి ఇచ్చేస్తే పనైపోయినట్టే చేతులు దులిపేసుకుంటున్నారు.

అనుమతి వద్దని నేననను. 1976 నాటి మన సముద్ర మండలాల చట్టం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా మనకు హక్కు రాసిచ్చింది. 2019లో చైనా నౌక షి యాన్-1 అడగకుండా పోర్ట్ బ్లెయిర్ వైపు వస్తే మన నేవీ వెళ్లిపొమ్మంది. మంచి పని చేసింది. నా బాధల్లా అడిగి వచ్చేవాళ్ల గురించే.

1960ల్లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. మా గురువుల తరం అది. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ వాడిన విహార నౌకనే పరిశోధనకు మార్చి, ఆంటన్ బ్రూన్ అని పేరు పెట్టి, 1963లో బంగాళాఖాతంలో తిప్పారు. అప్పటికి ఈ 200 మైళ్ల హక్కు లేనేలేదు. అయినా చాలా దేశాల ఓడలు వల వేసి పట్టిన ప్లవకాలు, అంటే నీటితో కొట్టుకుపోయే చిన్న జీవులు, కొచ్చిలోని పరిశోధన కేంద్రానికే చేరాలని మనవాళ్లు పట్టుబట్టి సాధించారు. ఫార్మాలిన్ సీసాలు, ఒక్కోదాని లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ. సిరా అయితే కరిగిపోతుందని పెన్సిలే వాడేవాళ్లు. ఆ సీసాల ముందు కూర్చునే ఒక తరం మనవాళ్లు సముద్రశాస్త్రం నేర్చుకున్నారు.

ఇప్పుడు చట్టమే మన పక్షాన ఉంది. 1982 సముద్ర చట్టం ఒప్పందం ప్రకారం వచ్చేవాళ్లు కనీసం ఆరు నెలల ముందే వివరాలన్నీ పంపాలి. ఎంబసీ నుంచి విదేశాంగ శాఖకు, అక్కడి నుంచి నేవీ దాకా ఆ కాగితం తిరుగుతుంది. నాలుగు నెలల్లోగా మనం నోరు విప్పకపోతే, ఆరు నెలలు నిండాక వాళ్లు పని మొదలుపెట్టుకోవచ్చు. అందుకే ఫైలు మీద నిద్రపోయేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. 249వ అధికరణం ఇంకా గట్టిది. మన శాస్త్రవేత్త ఓడలో ఉండొచ్చు, ఆ ప్రాజెక్టు ఖర్చులో మనం పైసా పెట్టక్కర్లేదు. డేటాకు నకలు, విడదీయగలిగిన నమూనాల్లో భాగం మనకు దక్కాలి.

ఈమధ్య ఒక సంస్థలో అడిగాను, ఫలానా ఓడ సముద్రపు అడుగున గొట్టం దించి తీసిన మట్టి కోర్లలో మన వాటా ఏదని. "రిపోర్టు పీడీఎఫ్ పంపారండీ" అన్నాడు అక్కడి కుర్రాడు. కోరును నిలువునా చీల్చి ఒక సగాన్ని ముట్టుకోకుండా దాచేది దేనికి? పదేళ్లకు కొత్త పరికరం వచ్చినప్పుడు మళ్లీ కొలవడానికి. అప్పుడు మట్టి కావాలి, పీడీఎఫ్ కాదు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. వాడికి అడగాలని చెప్పినవాళ్లే లేరు.

దరఖాస్తు ఫారంలోనే ఉంటాయి ఈ గడులు: తీరదేశం ప్రతినిధి ఎవరు, నమూనాలు ఎప్పుడు ఇస్తారు అని. అవి నింపించి, మన మనిషి పేరు, మన వాటా మట్టి చేరే తేదీ రాయించాకే సంతకం పెట్టండి.