నిజమేనా అని అడక్కండి

పోటీ పరీక్షల్లో ఒక ప్రశ్న ఇట్లుంటుంది: పైన ఒక ప్రకటన, కింద రెండు వాదనలు. ఏది బలమైనదో, ఏది బలహీనమైనదో గుర్తించాలి. గ్రూప్స్‌కూ బ్యాంకు ఉద్యోగాలకూ చదివే మోస్రా పిల్లలు నిజామాబాద్ వెళ్లి దీనికి చిట్కాలు నేర్చుకుంటారు. 'మాత్రమే' అని కనిపిస్తే చాలాసార్లు బలహీనం. 'ఫలానా దేశంలో ఇట్లనే చేస్తున్నరు' అన్నా బలహీనమే. విషయానికి నేరుగా సంబంధించి, పెద్ద ఫలితం చూపిస్తే బలమైనది. అన్నిటికంటే గొప్ప చిట్కా ఇంకోటుంది: వాదనలో చెప్పింది నిజమేనా అని అడగకూడదు, నిజమనుకునే టిక్కు పెట్టాలి.

ఈ చదువు ఉద్యోగంలో ఎందుకూ పనికిరాదని తీసిపారేయకండి. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు మోసింది. 'ప్రైవేటుకిస్తే నష్టాలు పోతాయి' అంది ప్రభుత్వం. నేరుగా సంబంధం ఉంది, ఫలితం పెద్దది, బలమైన వాదనే. 2002లో ఇచ్చేశారు. 2015 డిసెంబరులో తాళం పడింది. నష్టాలు నిజంగానే పోయాయి, ఫ్యాక్టరీతో సహా. కీ ఎక్కడా తప్పలేదు.

మళ్లీ తెరవాలా? వద్దు, చుట్టుపక్కల చెరుకే లేదన్నది ఒకటో వాదన. తెరవాలి, ఫ్యాక్టరీ లేకనే రైతు చెరుకు మానేసిండన్నది రెండోది. చిట్కాల ప్రకారం రెండూ బలమైనవే, కాబట్టి ఏళ్లుగా రెంటికీ పూర్తి మార్కులు పడుతున్నాయి. నిజాంసాగర్ కాలువ కింద వరి ఊగుతోంది. కోసిన చెరుకు ఎండలో ఎంతసేపుంటే అంత చక్కెర పోతుందని, దూరపు ఫ్యాక్టరీకి లోడు పంపిన రైతుకు తెలుసు. ఆ లెక్కకు ఆప్షన్ ఇవ్వలేదు.

ఇంతకీ గ్రూప్స్‌లో ఈ ప్రశ్నలిచ్చే రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ సంగతి. 2022 అక్టోబరులో పెట్టిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపరు లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాయించారు. బయోమెట్రిక్ తీసుకుంటామని నోటిఫికేషన్‌లో రాసి తీసుకోలేదని అభ్యర్థులు కోర్టుకెక్కారు. పరీక్ష సజావుగానే జరిగిందని కమిషన్ వాదించింది. విషయానికి నేరుగా సంబంధించిన వాదన, ఫలితమూ పెద్దదే. హైకోర్టు ఏ కోచింగుకూ వెళ్లలేదు కాబోలు, మరి వేలిముద్రల సంగతేమిటని చూసి సెప్టెంబరులో ఆ పరీక్షనూ రద్దు చేసింది.