నాలుకే వైద్యుడు

కుక్క పాదానికి దెబ్బ తగిలితే ఏం చేయాలన్న విషయంలో మన ఇళ్ళలో చలామణీ అవుతున్న వైద్యశాస్త్రం మొత్తం ఒక్క వాక్యం: "అదే నాకి తగ్గించుకుంటుందిలే." ఈ శాస్త్రానికి గ్రంథం లేదు, పట్టా అక్కర్లేదు, ఖర్చు అసలే లేదు. దీని ఆదరణకు ఆ చివరి గుణమే కారణం కావచ్చు. కుక్కకు పుట్టినరోజు కేకు కోసే ఇళ్ళు, హస్కీ కోసం రోజంతా ఏసీ నడిపే ఇళ్ళు సైతం దాని అరికాలి దగ్గరికి వచ్చేసరికి ప్రకృతి మీదే భారం వేస్తాయి.

సిద్ధాంతంలో మొదటి సూత్రం, దేవుడు కుక్కకు పుట్టుకతోనే చెప్పులు తొడిగి పంపాడన్నది. నిజానికి అక్కడ ఉన్నది చర్మమే. ప్రతి పాదం అడుగున వేళ్ళకు నాలుగు చిన్న మెత్తలు, మధ్యలో ఒక పెద్ద మెత్త ఉంటాయి. ముందుకాళ్ళకైతే మణికట్టు వెనక మరొకటి. పైపొర మందంగా, గరుకుగా ఉంటుంది. దాని కింద అదురును తట్టుకునే కొవ్వు, రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు. నరాలున్న చెప్పును ఇంతవరకు ఏ దుకాణమూ అమ్మలేదు.

గాలిలో వేడి 31 డిగ్రీలు ఉన్నప్పుడే ఎండలోని తారురోడ్డు 60 డిగ్రీలకు చేరగలదు. ఇక మే నెల విజయవాడ సంగతి చెప్పేదేముంది? అలాంటి మధ్యాహ్నం యజమాని తలకు టోపీ, కళ్ళకు నల్లద్దాలు, కాళ్ళకు దళసరి బూట్లతో వాకింగుకు బయల్దేరతాడు. పక్కనున్న జీవికి మాత్రం సృష్టికర్త ఇచ్చిన పాదరక్షలే. అది నీడకేసి లాగితే మొండితనం, కూలబడితే బద్ధకం, కాళ్ళు మార్చి మార్చి ఎత్తితే డాన్సు. ఆ డాన్సుకు వీడియో కూడా తీస్తారు. చెయ్యి తిరగేసి రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను దాని మీద నడిపించకూడదు. ఈ పరీక్షకు పరికరాలేమీ వద్దు, నడుం వంచితే చాలు. చిక్కంతా అక్కడే.

రెండో సూత్రం, ఉమ్మే మందు. ఇందులో రవ్వంత నిజం లేకపోలేదు. కుక్క ఉమ్ముకు కొన్ని బాక్టీరియాలను కాస్త అణచే గుణం ఉంది. అదే నోట్లో పుండును చీము పట్టించగల బాక్టీరియాలూ కాపురముంటాయి. పైగా ఆ నోరు అంతకుముందు ఏ చెత్తకుప్పలో తిరిగొచ్చిందో యజమానికి తెలియనిది కాదు. పదేపదే ఆడే నాలుక కొత్తగా పుడుతున్న చర్మాన్ని గీకేస్తుంది. తడి ఆరని వేళ్ళ సందుల్లో ఈస్ట్ పెరుగుతుంది, దురద పుడుతుంది, దురదకు కుక్క మళ్ళీ నాకుతుంది. లేతరంగు కుక్కలకు పాదాల వెంట్రుకలు ఇటుకరంగుకు తిరుగుతాయి. సిద్ధాంతులు దాన్ని వైద్యం జోరుగా సాగుతున్న గుర్తుగా స్వీకరిస్తారు. వేళ్ళ నడుమ దాగిన గోమార్లు, దిగిన పల్లేరు ముల్లు, అలర్జీ, వంకర తిరిగి మాంసంలోకి గుచ్చుకున్న గోరు, ఇవేవీ నాలుకతో తెమిలే వ్యవహారాలు కావు.

నాలుక ఓడిపోయాక రెండో ఆసుపత్రి తెరుచుకుంటుంది: వంటింటి పసుపు, సున్నం, స్నానాలగది ఫినాయిల్, షెడ్డులోని కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్. నాకి తగ్గించుకునే కుక్క, పూసిన ఫినాయిల్‌ని కూడా నాకుతుందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. ఫినాయిల్ పచ్చిపుండును కాలుస్తుంది, కడుపులోకి పోతే విషం. నొప్పికి మనుషుల మాత్ర సగం విరిచి పెట్టడం మరో దయాగుణం. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీలను దెబ్బతీయగలదు, పారాసెటమాల్ కాలేయాన్ని.

అసలు పద్ధతిలో ఇంత సాహసం లేదు. నొప్పితో ఉన్న కుక్క పెంచినవాళ్ళనూ కరుస్తుంది కాబట్టి ముందు దాని మూతిని మెత్తని గుడ్డతో వదులుగా కట్టాలి. ఎగశ్వాసతో రొప్పుతుంటే మాత్రం కట్టకూడదు. పాదాన్ని గోరువెచ్చని నీళ్ళతో కడిగి వేళ్ళ సందులు చూడాలి. కాలిన పాదమైతే చల్లటి నీళ్ళు పోయాలి, ఐసు పెట్టకూడదు. పైకి కనిపించే చిన్న ముల్లు తీయవచ్చు. లోతుగా దిగిన గాజుపెంకును కదపకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. పది నిమిషాలకూ ఆగకపోయినా, మెత్త ఊడి వేలాడినా, కుక్క ఆ కాలు నేల మోపకపోయినా దారి ఆసుపత్రికే. కట్టు కడితే పుండు మీద దూది నేరుగా పెట్టకూడదు, అంటుకుపోతుంది. నడిమి రెండు వేళ్ళ కొసలు బయటికి కనిపించాలి. అవి వాచినా చల్లబడినా కట్టు బిగుసుకుందన్నమాట. తడిసిన కట్టును వెంటనే మార్చాలి.

మిగిలింది మెడకు తొడిగే గరాటు. నాలుక పుండును చేరకుండా ఆపగలిగేది అదే. వారాల తరబడి మానని పుండును చూస్తూ ఊరుకున్న ఇంట్లోవాళ్ళకు, ఆ గరాటుతో కుక్క గుమ్మానికి ఢీకొట్టుకోవడం చూడగానే ఎక్కడలేని జాలి పుట్టుకొస్తుంది. "పాపం" అంటూ మొదటి రాత్రే దాన్ని తీసేస్తారు. అడుగు వేసిన ప్రతిసారీ ఒళ్ళు బరువంతా మెత్త మీదే పడుతుంది కాబట్టి అక్కడి గాయం ఎటూ నిదానంగానే మానుతుంది. గరాటు తీసిన ఇళ్ళలో మరింత నిదానంగా మానుతుంది.