రెండో సంపుటం

అమెరికాలోని వయోమింగ్‌లో, పౌడర్ నది పరీవాహకంలో ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. గుట్టల మీది గడ్డి వేసవి ముదిరేసరికి ఎండిపోతుంది. వాగు పక్క ఒండ్రు నేలలో కోసి వామి వేసుకున్న గడ్డే చలికాలంలో పశువులకు దిక్కు.

ఆ నేలల కింద బొగ్గుంది. అందుకే 1977 ఆగస్టు 3న అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన ఉపరితల గనుల చట్టం ఒక షరతు పెట్టింది. 100 డిగ్రీల పశ్చిమ రేఖాంశానికి అవతల, వాగు నీరు పారించడానికో, కింది ఊటతో పైరు పెరగడానికో వీలున్న ఒండ్రు లోయల్లో సేద్యాన్ని గని దెబ్బతీయకూడదు. మినహాయింపులు కొన్ని ఉన్నా, పేచీ అంతా ‘వీలుందా, లేదా’ అన్నదాని మీదే.

అలాంటి ఒక లోయ మీద ఓ కంపెనీ కన్ను పడింది. కన్సల్టెంట్ ఇంజినీరు వచ్చి ఆగర్‌తో మట్టి తీశాడు, నీళ్లలో ఉప్పు కొలిచాడు, పరిశీలన బావుల్లో నీటిమట్టం రాసుకున్నాడు. ఆ ఊరి పశువుల రైతు, ఎనభై దాటిన పెద్దాయన, వెంటే తిరిగాడు.

“మంచు కరిగి వాగు పొంగినప్పుడు మా నాన్న ఈ గట్లతోనే నీళ్లు మళ్లించేవాడు. ఆగస్టులో వచ్చి చూడు అబ్బాయ్, గుట్టలన్నీ మాడిపోయినా ఇక్కడ లూసర్న్ పచ్చగా ఉంటుంది.”

ఇంజినీరు తలూపాడు, ఏమీ రాసుకోలేదు.

దరఖాస్తు రెండు సంపుటాలుగా కౌంటీ కచేరీకి చేరింది. ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు. మొదటి సంపుటం తేల్చేసింది: వాగులో ప్రవాహం చాలదు. నీళ్లలో సోడియం ఎక్కువ. నేల బంకమట్టి కాబట్టి ఆ నీళ్లు పారిస్తే పైన బిగుసుకుపోయి చుక్క ఇంకదు. కనుక ఈ లోయ సేద్యానికి పనికిరాదు.

విచారణ రోజున పెద్దాయన లేచాడు.

“నీ లెక్కలతో నాకు పేచీ లేదబ్బాయ్. ఒక్క సందేహం తీర్చు. తవ్వాక నేలను మునుపటి వాడకానికి పనికొచ్చేట్టు గానీ, అంతకన్నా మెరుగ్గా గానీ తిరిగివ్వాలని చట్టంలో ఉంది. మెరుగ్గానే ఇస్తామని రెండో సంపుటంలో రాశారు. ‘గని పూడ్చి, అదే మట్టి పైన పరిచి, ఈ వాగు నీటినే పారించి లోయంతా లూసర్న్ పండిస్తాం.’ సంతకం నీదే కదా?”

“నాదే.”

“వాగు అదే, మట్టీ అదే. మరి సోడియమంతా బొగ్గుతోపాటు రైలెక్కి పోతుందా?”