మధురవాణి కంటె

బంగారాన్నని నేనెప్పుడూ చెప్పుకోలేదు. ఇత్తడి మీద గిల్టు. విజయనగరం దగ్గర ఒక పల్లె నాటకసమాజం ‘కన్యాశుల్కం’ కోసం చేయించింది.

ఆ నాటకంలో నాది చిన్న పనేం కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడినదాన్ని గురజాడ 1909 నాటికి ఏడంకాలకు పెంచి తిరగరాశారు. అందులో రామప్పపంతులు మధురవాణి దగ్గర కంటె అడిగి పుచ్చుకుని లుబ్ధావధాన్ల పెళ్ళికూతురికి పెట్టిస్తాడు. పెళ్ళికూతురంటే ఎవరనుకున్నారు? ఆడవేషం కట్టిన కరటకశాస్త్రి శిష్యుడు! ఆ మాయగుంట నాతో సహా ఉడాయించాక, కంటె తెచ్చిస్తేగాని కుదరదని మధురవాణి పట్టుబడితే, పంతులు గింజుకునే తీరుకి జనం పొట్టలు పట్టుకునేవారు. ఆ నవ్వంతా నా ఖాతాలోదే.

మా మధురవాణి మీసం గొరిగించుకున్న మగవాడు. చెమటకి నా గిల్టు సగం అతని మెడకే అంటింది. మొత్తం ఆడితే తెల్లారిపోతుందని ఏటా ఒక రంగం ఎగరగొట్టేవారు. ఒక ఏడు నా రంగం ఎగిరిపోయింది. నన్ను అడిగినవాళ్ళు లేరు.

తర్వాత ట్రంకుపెట్టె, చిలుము. చింతపండు పెట్టి తోమే చెయ్యి లేదు. సమాజం మూతపడ్డాక పెట్టె పాతసామాన్లవాడి పాలైంది. అడుగున జారిపడ్డ నన్ను కార్యదర్శిగారి మనవడు కిటికీ ఊచకి కట్టి, నాలోంచి కేబుల్ వైర్లు దూర్చాడు. మధురవాణి మెడ ఉండాల్సిన చోట మూడు నల్లవైర్లు!

ఒక ఆదివారం ఆ వైర్లలోంచే మా నాటకం వచ్చింది. 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమా. నాకు కనిపించేది టీవీ వీపే కనక, విన్నానంతే. గిరీశం ఎన్టీ రామారావు, మధురవాణి సావిత్రి. మావాడు ఆఖరివరసకి వినబడాలని అరిచేవాడు. సావిత్రి పక్కనున్నవాళ్ళతో అన్నట్టు అంటుంది. అక్కడ మేం ఓడిపోయాం, ఒప్పుకుంటాను.

కానీ నాటకంలో లేని శ్రీశ్రీ కవితకి బాణీ కట్టారు. ముసలాడికి అమ్ముడుపోయి చెరువుపాలైన పూర్ణమ్మ కథ, అదీ గురజాడవారిదేలెండి, తెచ్చి అతికించారు. ఇంటావిడ ముక్కు చీదింది. నాకు రుచించలేదు. నాటకం నవ్విస్తుంది, ఇంటికెళ్ళాక ఎందుకు నవ్వామా అనిపిస్తుంది. సినిమా అంతదాకా ఆగలేదు, అక్కడికక్కడే ఏడిపించేసింది. అయినా ఏం లాభం, ఆవిడ మా నాటకానికి ఒక్కనాడూ రాలేదు కదా!

నా ఊసు వస్తుందేమోనని కాచుకున్నాను. రామప్పపంతులుగా సి.యస్.ఆర్. గొంతు మళ్ళీ వినిపించింది. ఇంతలో గాలికి వైరు కదిలి బొమ్మ పోయింది. మనవడొచ్చి నన్ను రెండు తట్లు తట్టాడు.

“ఈ తుక్కు పీకి పారేస్తేగాని బొమ్మ నిలవదే అమ్మా!”